బిలాస్‌పూర్ చుట్టూ మద్యం చట్టాలు, సుంకాలు

ఛత్తీస్‌గఢ్‌కు ఏడు రాష్ట్రాలతో సరిహద్దు ఉంది. మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర. ఛత్తీస్‌గఢ్‌తో కలిపి ఈ ఎనిమిదింటిలో మద్యం అమ్మే పద్ధతి ఏ రెండు చోట్లా అచ్చంగా ఒకటి కాదు. ఒకచోట సర్కారే దుకాణం నడుపుతుంది, ఒకచోట లాటరీ తీసి ప్రైవేటు వాళ్లకిస్తారు, ఒక రాష్ట్రంలో కొన్ని జిల్లాల్లో అమ్మకమే నేరం. ఒకే కంపెనీ, ఒకే బ్రాండు, ఒకే సైజు సీసాకు సరిహద్దుకు ఈవల ఒక ధర, ఆవల మరో ధర. ఈ తేడాలన్నీ ఒకేచోట నిలబడి చూడాలంటే బిలాస్‌పూర్‌కు మించిన ఊరు దొరకదు.

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ప్రాంతంలో పట్టాలు పరిచింది. 1891కల్లా నాగ్‌పూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా పెద్ద లైను తయారైంది. 2003 ఏప్రిల్ నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. రాష్ట్ర హైకోర్టూ ఇక్కడిదే. రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. రైల్వే ప్రాంతంలోని బారాఖోలీలో ఏటా జరిగే సోలాపురి మాత పూజ వాళ్లదే. పెళ్లికో తద్దినానికో ఊరెళ్లాలంటే వీళ్లెక్కే బండి కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్. రాయ్‌పూర్, మహాసముంద్ దాటాక ఖరియార్ రోడ్ దగ్గర అది ఒడిశాలోకి వెళ్తుంది. టిట్లాగఢ్, రాయగడ మీదుగా పార్వతీపురం చేరేసరికి ఆంధ్రప్రదేశ్. ఒక రాత్రి ప్రయాణంలో మూడు ఎక్సైజ్ చట్టాలు. సూట్‌కేసులో సీసా ఉంటే అది ఎక్కడా మారదు, దాని మీద చట్టం మాత్రం రెండుసార్లు మారిపోతుంది.

రాజ్యాంగంలో మద్యం చోటు

ఈ తేడాలకు మూలం రాజ్యాంగం ఏడో షెడ్యూలు. రాష్ట్రాల జాబితాలోని 8వ అంశం మత్తు పానీయాల తయారీ, నిల్వ, రవాణా, కొనుగోలు, అమ్మకాలన్నిటినీ రాష్ట్రాలకు అప్పగించింది. 51వ అంశం తాగే మద్యంపై ఎక్సైజ్ సుంకం, 54వ అంశం అమ్మకపు పన్ను వేసుకునే అధికారం ఇచ్చాయి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు దేశంలో దాదాపు ప్రతి వస్తువూ ఉమ్మడి పన్ను కిందకు వెళ్లింది కానీ తాగే మద్యం వెళ్లలేదు. జీఎస్టీ నిర్వచనంలోనే, అంటే 366వ అధికరణం 12ఎ క్లాజులోనే, దాన్ని బయట పెట్టారు. రాష్ట్రాలు పట్టుబట్టి నిలబెట్టుకున్న కొద్దిపాటి సొంత రాబళ్లలో ఇదొకటి. చాలా రాష్ట్రాల్లో సొంత పన్ను రాబడిలో పది, పదిహేను శాతం ఎక్సైజ్ నుంచే వస్తుంది.

అదే రాజ్యాంగంలో 47వ అధికరణం ఔషధ అవసరాలకు తప్ప మత్తు పానీయాల వాడకాన్ని నిషేధించేందుకు ప్రభుత్వం ప్రయత్నించాలంటుంది. ఒక చేత్తో ఆదాయం, మరో చేత్తో ఆదర్శం. ఎక్సైజ్ శాఖ పేరులోనే చాలాచోట్ల ‘ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్’ అని రెండూ పక్కపక్కన కనిపించడం ఇందుకే.

మద్యం వ్యాపారం పౌరుడి ప్రాథమిక హక్కు కాదని 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కనుక ప్రభుత్వం తానే అమ్ముకోవచ్చు, వేరేవాళ్లకు అమ్మే హక్కు ఇచ్చి ఫీజు తీసుకోవచ్చు, అసలు వద్దనీ అనవచ్చు. బయటి రాష్ట్రాల సరుకు మీద వేసే సుంకానికి మాత్రం రాజ్యాంగం ఒక హద్దు గీసింది. ఇక్కడ తయారైన సరుకు మీద ఎంత వేస్తారో, బయటి దాని మీద అంతకు మించకుండా ‘కౌంటర్‌వెయిలింగ్’ సుంకం వేయాలి. ఒడిశా 1961లో బయటి నుంచి వచ్చే విదేశీ తరహా మద్యంపై గ్యాలనుకు 40 రూపాయలున్న సుంకాన్ని 70కి పెంచితే, కల్యాణి స్టోర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రాష్ట్రంలో అలాంటి సరుకు తయారే కానప్పుడు సరితూకపు సుంకం దేనితో సరితూగుతుందన్నది కోర్టు ప్రశ్న. ఆ తరవాత రాష్ట్రాలు దిగుమతి ఫీజు, పర్మిట్ ఫీజు, ప్రివిలేజ్ ఫీజు వంటి పేర్లతో రాబట్టుకునే దారి పట్టాయి.

పారిశ్రామిక ఆల్కహాలు మీద అధికారం ఎవరిదన్న పాత తగాదా 2024 అక్టోబరు 23న తేలింది. లలతా ప్రసాద్ వైశ్ కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 8–1 మెజారిటీతో ‘మత్తు పానీయం’ అన్న మాటలో అదీ చేరుతుందంది. జస్టిస్ బి.వి. నాగరత్న ఒక్కరే విభేదించారు.

సీసా ధరలో ఏముంటుంది

ఎక్సైజ్ వాళ్లు లెక్క కట్టేది సీసాల్లో కాదు, ప్రూఫ్ లీటర్లలో. బ్రిటిష్ కాలపు కొలత ఇది. సుమారు 57 శాతం ఆల్కహాలున్న ద్రవాన్ని నూరు ప్రూఫ్ అనుకుని మిగతా వాటిని దానితో పోలుస్తారు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ములో 42.8 శాతం ఆల్కహాలుంటుంది. లేబుల్ మీద ‘25 డిగ్రీల యూపీ’ అని ఉండేది ఇదే, అంటే ప్రూఫ్‌కు 25 డిగ్రీలు తక్కువ. ఆ లెక్కన 750 మిల్లీలీటర్ల ఫుల్ బాటిల్‌లో ఉండేది 0.5625 ప్రూఫ్ లీటరు. 12 ఫుల్ బాటిళ్ల కేసులో 9 లీటర్ల సరుకు, 6.75 ప్రూఫ్ లీటర్లు. 48 క్వార్టర్ల కేసయితే 8.64 లీటర్లు, 6.48 ప్రూఫ్ లీటర్లు. బీరుకు ఈ తంటా లేదు, మామూలు లీటర్లలోనే లెక్క.

డిస్టిలరీ ప్రభుత్వ కార్పొరేషన్‌కు ఒప్పుకున్న మూలధరతో లెక్క మొదలవుతుంది. దాని మీద ఎక్సైజ్ సుంకం పడుతుంది, కొన్ని రాష్ట్రాల్లో మూలధర పెరిగేకొద్దీ శాతం మారే స్లాబుల్లో. ఆ మొత్తం మీద వ్యాట్. ఆపైన సెస్సులు, కార్పొరేషన్ మార్జిన్, దుకాణదారు మార్జిన్, హోలోగ్రామ్ ఖర్చు. పన్ను మీద పన్ను పడే ఈ వరసలో మూలధర పది రూపాయలు పెరిగితే కౌంటర్లో ధర అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. దీనికి తోడు గాజుసీసా, మూత, లేబుల్ వంటివి జీఎస్టీలోనే ఉన్నాయి. తయారీదారు వాటి మీద కట్టిన జీఎస్టీకి తిరుగు జమ లేదు, ఎందుకంటే అమ్మే సరుకు జీఎస్టీ బయట ఉంది.

2023లో మద్యం కంపెనీల సంఘం ‘ఇంటర్నేషనల్ స్పిరిట్స్ అండ్ వైన్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా’ ఒక లెక్క బయటపెట్టింది. గోవాలో 100 రూపాయలకు దొరికే సీసా తెలంగాణలో 246, కర్ణాటకలో 513 పడుతుందని అందులో ఉంది. చెప్పింది వ్యాపారుల సంఘం కనుక పన్ను తగ్గించమన్న విన్నపమూ అందులో కలిసే ఉంటుంది. అయినా ధర నిర్ణయించేది తయారీ ఖర్చు కాదు, రాష్ట్రం పేరు అన్న సంగతి ఆ మూడంకెల్లో తెలిసిపోతుంది.

ఛత్తీస్‌గఢ్: భట్టీ సర్కారు చేతికి

బిలాస్‌పూర్‌లో మద్యం దుకాణాన్ని జనం భట్టీ అంటారు. క్వార్టర్ పవ్వా, హాఫ్ అద్ధీ. రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ల నోటా ఇవే మాటలు. చట్టం మాత్రం పాతది. సెంట్రల్ ప్రావిన్సెస్ ఎక్సైజ్ చట్టంగా 1915లో వచ్చి, మధ్యప్రదేశ్‌కు సంక్రమించి, 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడ్డాక ఛత్తీస్‌గఢ్ ఎక్సైజ్ చట్టమైంది. కొనేవాళ్ల కనీస వయసు 21.

2017 మార్చి దాకా చిల్లర అమ్మకం కాంట్రాక్టర్లది. ఆ ఏప్రిల్ 1 నుంచి రమణ్ సింగ్ ప్రభుత్వం దుకాణాలన్నిటినీ ఛత్తీస్‌గఢ్ స్టేట్ మార్కెటింగ్ కార్పొరేషన్‌కు అప్పగించింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదన్న సుప్రీంకోర్టు తీర్పు అమల్లోకి వచ్చిందీ అదే రోజు. 20 వేల లోపు జనాభా ఉన్న చోట్ల ఆ దూరాన్ని కోర్టు ముందురోజే 220 మీటర్లకు తగ్గించింది. తమిళనాడులో టాస్మాక్ 2003 నుంచే చిల్లర దుకాణాలు నడుపుతోంది కనుక ఆలోచన కొత్తది కాదు. కాంట్రాక్టరు లాభం ఖజానాకే మిగులుతుంది, కల్తీ తగ్గుతుంది, తాగుడు కూడా అదుపులోకి వస్తుందని చెప్పారు.

2018 ఎన్నికల్లో కాంగ్రెస్ సంపూర్ణ మద్యనిషేధం హామీతో గెలిచింది. నిషేధం రాలేదు. 2020లో ఎఫ్‌ఎల్–10ఎ అనే కొత్త లైసెన్సు వచ్చింది. కంపెనీల నుంచి సరుకు కొని కార్పొరేషన్‌కు అమ్మే మధ్యవర్తులకు ఇచ్చింది అది. 2019–22 మధ్య సర్కారు దుకాణాల ద్వారానే లెక్కల్లోకి రాని సరుకు అమ్మారనీ, రెండు వేల కోట్లకు పైగా చేతులు మారాయనీ ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపించింది. ఆ కేసుల బెయిలు వాదనలు బిలాస్‌పూర్ హైకోర్టులోనూ నడిచాయి. ప్రభుత్వం మారాక 2024లో ఆ లైసెన్సును రద్దు చేసి, తయారీదారుల దగ్గర నేరుగా కొనే పద్ధతికి మళ్లారు. 2025 మార్చిలో విదేశీ తరహా మద్యంపై ఉన్న 9.5 శాతం అదనపు ఎక్సైజ్ సుంకాన్ని ఎత్తేశారు. పొరుగు రాష్ట్రాల నుంచి దొంగసరుకు రాకుండా చూడడం ఆ నిర్ణయానికి చెప్పిన కారణాల్లో ఒకటి. సుంకం ఎంత వేయాలన్నది రాష్ట్రం ఇష్టమే కానీ, సరిహద్దు అవతల ధర చూడకుండా ఏ రాష్ట్రమూ దాన్ని ఖరారు చేయలేదు.

మద్యం అమ్మకం లేని రోజులూ రాష్ట్రానికో తీరు. రిపబ్లిక్ దినం, స్వాతంత్ర్య దినం, గాంధీ జయంతి దాదాపు అంతటా ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో డిసెంబరు 18 కూడా డ్రై డేగా పాటిస్తూ వచ్చారు. అది సత్నామీ పంథా స్థాపకుడు గురు ఘాసీదాస్ జయంతి. మద్యం ముట్టకూడదన్నది ఆ పంథా నియమం. హైదరాబాదులో బోనాలకు, గణేశ్ నిమజ్జనానికి దుకాణాలు మూయిస్తారు.

చుట్టుపక్కల

మధ్యప్రదేశ్ దుకాణాలను ప్రైవేటు కాంట్రాక్టర్లకే వదిలింది. అయితే దుకాణాన్ని ఆనుకుని కూర్చుని తాగే అహాతాలను 2023 ఏప్రిల్ 1 నుంచి మూయించింది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఉజ్జయిని, ఓంకారేశ్వర్, మైహర్, చిత్రకూట్ వంటి పుణ్యక్షేత్రాల్లో దుకాణాలే లేకుండా చేసింది. ఆ జాబితాలో అమర్‌కంటక్ ఉంది. బిలాస్‌పూర్ వాసులకు అది పొరుగూరి కిందే లెక్క. కట్నీ లైన్లో పెండ్రా రోడ్‌లో దిగి కొండెక్కుతారు. స్టేషను ఛత్తీస్‌గఢ్‌ది, నర్మద పుట్టిన గుడి మధ్యప్రదేశ్‌ది. కింద సర్కారు దుకాణం ఉండవచ్చు, పైన ఏ దుకాణమూ పెట్టడానికి వీల్లేదు.

మహారాష్ట్రలో అమల్లో ఉన్నది నేటికీ 1949 నాటి బాంబే ప్రొహిబిషన్ చట్టమే, పేరు మాత్రం ఇప్పుడు మహారాష్ట్ర ప్రొహిబిషన్ చట్టం. ఆ చట్టం ప్రకారం తాగడానికి పర్మిట్ ఉండాలి. బీరుకు 21, ఘాటు మద్యానికి 25 ఏళ్లు నిండాలి. ఛత్తీస్‌గఢ్‌ను ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి అమ్మకం నిషేధం. దాని పక్కనున్న చంద్రపూర్‌లో 2015లో నిషేధం పెట్టి 2021లో ఎత్తేశారు. చంద్రపూర్‌కు ఆనుకుని మద్యం దొరికే జిల్లాలూ ఉన్నాయి, దక్షిణాన తెలంగాణ. ఒక్క జిల్లాకే పరిమితమైన నిషేధం ఎంత నిజాయితీగా అమలు చేసినా పక్క జిల్లా దుకాణానికి బేరం పెంచడమే అవుతుందని ఆ ఆరేళ్లు చూపించాయి. గడ్చిరోలి మాట వేరు. అక్కడ ఊరూరా ఆడవాళ్ల సంఘాలు దాన్ని కనిపెట్టుకుని ఉన్నాయి.

జార్ఖండ్ 2022లో ఛత్తీస్‌గఢ్ పద్ధతినే తెచ్చుకుంది, ఛత్తీస్‌గఢ్ కార్పొరేషన్‌నే సలహాదారుగా పెట్టుకుని మరీ. పద్ధతితో పాటు కేసులూ వచ్చాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి అక్కడ చిల్లర అమ్మకం తిరిగి ప్రైవేటు చేతికి వెళ్లింది. ఒడిశాలో టోకు వ్యాపారం రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్‌ది, చిల్లర లైసెన్సుదారులది. ఉత్తరప్రదేశ్ 2025లో ఈ–లాటరీ పెట్టి, బీరూ విదేశీ తరహా మద్యమూ ఒకేచోట అమ్మే కాంపోజిట్ దుకాణాలు తెచ్చింది.

తెలుగు నేల మీద

మద్యం చట్టం సరిహద్దు మారితే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ 1937 అక్టోబరులో సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. 1948కల్లా రాష్ట్రమంతా నిషేధం. బిలాస్‌పూర్ ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్‌కూ 1938లో ఒక నిషేధ చట్టం వచ్చింది.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేటప్పటికి ఖజానా ఖాళీ. నిషేధం ఎలా నడుస్తోందో చూడమని ఎస్.వి. రామమూర్తి కమిటీ వేస్తే, ఎత్తేయమని చెప్పింది. ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అదే అంశం మీద శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. గాంధేయుడైన ప్రకాశం గారిని గద్దె దింపింది కల్లుసారాల తగాదా కావడం తెలుగు రాజకీయాల్లో ఇప్పటికీ వింతగానే తోస్తుంది. రెండేళ్లకు హైదరాబాదు రాష్ట్రపు తెలుగు జిల్లాలు వచ్చి కలిశాయి. అక్కడ నిజాం కాలపు ఆబ్కారీ పద్ధతి, ఇక్కడ మద్రాసు నిషేధం. 1968 ఎక్సైజ్ చట్టం వచ్చేదాకా, దాదాపు పన్నెండేళ్లు, ఒకే రాష్ట్రంలో కృష్ణకు ఒక ఒడ్డున కల్లు దుకాణం చట్టబద్ధం, రెండో ఒడ్డున నేరం.

నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, తోటి ఆడవాళ్లు కలిసి మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992కల్లా రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధించారు. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు. కోస్తావాళ్లకు యానాం పెద్ద తీర్థయాత్ర అయింది అప్పుడే. గోదావరి జిల్లాల నడుమ ఉన్న ఆ పుదుచ్చేరి ముక్కకు మన నిషేధం వర్తించేది కాదు. 1997లో నిషేధం సడలింది, సారా మాత్రం ఇప్పటికీ నిషిద్ధమే. 2012లో దుకాణాల వేలం పాట మాని లాటరీ పెట్టారు.

రాష్ట్రం రెండుగా విడిపోయాక దారులూ విడిపోయాయి. తెలంగాణ లాటరీతోనే సాగుతోంది. 2,620 దుకాణాలు, రెండేళ్ల లైసెన్సు, గీత కార్మికులకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్. 2023లో దరఖాస్తు రుసుము 2 లక్షలు, 2025లో 3 లక్షలు. దుకాణం వచ్చినా రాకున్నా ఆ డబ్బు తిరిగి రాదు. 2023లో ఇలా దరఖాస్తుల మీదనే ప్రభుత్వానికి 2,600 కోట్లకు పైగా వచ్చింది. ఒక్క సీసా అమ్మకముందే.

ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరు 1 నుంచి దుకాణాలను సర్కారు చేతిలోకి తీసుకుంది. 4,380 దుకాణాలు 3,500 అయ్యాయి. 2020 మేలో కరోనా లాక్‌డౌన్ సడలిస్తూనే ఒకరోజు 25, మర్నాడు 50, మొత్తం 75 శాతం ధర పెంచారు. తాగుడు మాన్పించడానికే అన్నారు. తెలిసిన బ్రాండ్లు మాయమై ఎన్నడూ వినని పేర్లు కౌంటర్ల మీదికి వచ్చాయి. చెల్లింపు నగదులోనే.

జనం సరిహద్దు వైపు నడిచారు. తెలంగాణ సరిహద్దు దుకాణాలకు బేరం పెరిగింది. ఇవతల గరికపాడు చెక్‌పోస్టులో కార్ల డిక్కీల్లోనూ, మోటారు సైకిళ్ల సీట్ల కిందా, ఆయిల్ ట్యాంకర్లలోనూ సీసాలు దొరకడం దినపత్రికల జిల్లా పేజీలకు రోజువారీ వార్త అయింది. పట్టుకోవడానికి స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో, అందరూ ‘సెబ్’ అనేది, అప్పుడే ఏర్పాటైంది. ఒక మనిషి పర్మిట్ లేకుండా మూడు సీసాల దాకా దగ్గర పెట్టుకోవచ్చన్న పాత జీవో 411 ఉండగా, పక్క రాష్ట్రంలో కొన్న మూడు సీసాలకు కేసు ఏమిటని కొందరు హైకోర్టుకెక్కారు. 2020 సెప్టెంబరులో కోర్టు వాళ్ల వైపే తీర్పు చెప్పింది. ఆ తరవాత కొద్ది కాలానికే ప్రభుత్వం నిబంధన మార్చి, బయటి రాష్ట్రపు సీసా ఒక్కటైనా పర్మిట్ ఉండాలంది. 2021 చివర్లో పన్ను తగ్గించింది. అక్రమ రవాణా ఆపడానికేనని కారణం చెప్పింది. పన్ను పెంచినప్పుడు చెప్పిన కారణం ఒకటి, తగ్గించినప్పుడు చెప్పింది మరొకటి. రెండింటి మధ్యా ఉన్నది పక్క రాష్ట్రం రేటు.

2024 అక్టోబరు 16 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ ప్రైవేటు దుకాణాలు. 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులు వచ్చాయి. 99 రూపాయలకే క్వార్టర్ దొరికేలా చౌక రకం తెచ్చారు. సర్కారు దుకాణాల నాటి కొనుగోళ్ల మీద సిట్ దర్యాప్తు జరిగింది. ప్రైవేటు దుకాణాల కాలంలో 2025 అక్టోబరులో ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడింది. సర్కారు అమ్మితే కల్తీ ఉండదనీ, ప్రైవేటు అమ్మితే అవినీతి ఉండదనీ వాదించేవాళ్లు ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్ అనుభవాలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

బండిలో సీసా

సీసా మీద ‘ఫలానా రాష్ట్రంలో అమ్మకానికి మాత్రమే’ అని అచ్చు వేసి ఉంటుంది. ఆ రాష్ట్రపు హోలోగ్రామ్ మూతమీద అంటించి ఉంటుంది. రెండో రాష్ట్రంలో దాన్ని ఎక్సైజ్ వాళ్లు ‘నాన్ డ్యూటీ పెయిడ్’ అంటారు. డ్యూటీ కట్టలేదని కాదు, తమకు కట్టలేదని. లారీలో వెళ్లే కంపెనీ సరుకుకు ఎగుమతి పర్మిట్, దిగుమతి పర్మిట్ రెండూ ఉండాలి. మధ్యలో మూడో రాష్ట్రం తగిలితే దాని రవాణా అనుమతీ కావాలి.

రైల్లో ఈ కాగితాల తంతు ప్రయాణికుడికి ఉండదు కానీ రక్షణా ఉండదు. 1989 రైల్వే చట్టం 145వ సెక్షన్ ప్రకారం బండిలోనో స్టేషన్లోనో తాగి కనిపిస్తే ఆరు నెలల దాకా జైలు, 500 రూపాయల దాకా జరిమానా. సంచిలోని సీసా సంగతి మాత్రం బండి ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు ఎక్సైజ్ చట్టమే చూస్తుంది. బండి పెట్టెల్లో దొంగసరుకు పట్టడానికి రైల్వే రక్షణ దళం ‘ఆపరేషన్ సతర్క్’ పేరుతో తనిఖీలు చేస్తుంది, దొరికింది ఎక్సైజ్ వాళ్లకు అప్పగిస్తుంది.

బిలాస్‌పూర్ మీదుగా పోయే బండ్లలో కొన్నిటి గమ్యాలు పూర్తి నిషేధ రాష్ట్రాలు. దుర్గ్ నుంచి వెళ్లే సౌత్ బిహార్ ఎక్స్‌ప్రెస్ ఒకటి. బిహార్‌లో 2016 ఏప్రిల్ నుంచి తాగడమే నేరం. 2022 సవరణ తరవాత మొదటిసారి పట్టుబడితే 2 వేల నుంచి 5 వేల దాకా జరిమానాతో వదిలేస్తున్నారు. మరొకటి హావ్‌డా–అహ్మదాబాద్ ఎక్స్‌ప్రెస్. గుజరాత్ 1960లో ఏర్పడింది మొదలు నిషేధంలోనే ఉంది, 2023 డిసెంబరులో ఒక్క గిఫ్ట్ సిటీకి సడలింపు ఇచ్చింది. బిలాస్‌పూర్‌లో బిల్లుతో కొన్న సీసా ఈ రెండు బండ్ల చివరి స్టేషన్లలో కేసుకు సాక్ష్యం అవుతుంది.

ఇప్పపువ్వు లెక్క

ఈ రాష్ట్రాలన్నిటినీ కలిపే చెట్టు ఇప్ప. పువ్వు అటవీ ఫలసాయం, సారా ఎక్సైజ్ సరుకు. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీలు సొంత వాడకానికి 5 లీటర్ల దాకా ఇప్పసారా ఉంచుకోవచ్చు, అమ్మకూడదు. మహారాష్ట్రలో 2021 దాకా పువ్వు నిల్వ, రవాణా మీదే ఆంక్షలుండేవి. పువ్వు ఏరుకున్న గోండు మనిషి వాగు దాటితే చట్టం ముందు అనుమానితుడు. మధ్యప్రదేశ్ 2022లో ఇంకో అడుగు వేసి, ఆదివాసీ స్వయం సహాయక సంఘాలు కాచిన ఇప్పసారాను ‘హెరిటేజ్ మద్యం’గా సీసాల్లో అమ్మే విధానం తెచ్చింది. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీల్లో ఇప్పసారా నాటుసారా లెక్కలోకే వస్తుంది.

ఇళ్లలో కాచే విధానం మీద మాత్రం ఎక్కడా తనిఖీ లేదు. 2025 ఫిబ్రవరిలో బిలాస్‌పూర్ శివారు లోఫందీలో కొందరు చనిపోతే ఊరివాళ్లు ఇప్పసారానే అనుమానించారు. అధికారులు మొదట వేరే కారణాలూ చెప్పారు.

వేరే చోట్ల

ఎస్తోనియా 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరబోతుంటే ఫిన్లాండ్ ముందుగానే మద్యం పన్ను సుమారు మూడో వంతు కోసేసింది. గంటల్లో పడవలో వెళ్లి చౌకగా తెచ్చుకునే జనాన్ని ఆపే మార్గం మరొకటి కనబడలేదు. పుదుచ్చేరి 2020 మేలో దీనికి తిరగేసి చేసింది. తన ధరలు పొరుగు రాష్ట్రాలతో సమానమయ్యేలా కోవిడ్ పన్ను వేసింది. పుదుచ్చేరి, కారైకాల్‌లో తమిళనాడు ధరకు, మాహేలో కేరళ ధరకు, యానాంలో ఆంధ్ర ధరకు. ఒకే ప్రభుత్వం, మూడు ధరలు.

కెనడాలో న్యూ బ్రన్స్‌విక్ వాసి ఒకరు 2012లో పొరుగున ఉన్న క్విబెక్ వెళ్లి 14 కేసుల బీరు, మూడు సీసాల మద్యం తెచ్చుకుని జరిమానా కట్టాల్సి వచ్చింది. ప్రావిన్సుల మధ్య సరుకు స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగంలో ఉంది కదా అని ఆయన వాదించారు. 2018లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ప్రావిన్సు పక్షమే తీసుకుంది. మూడు సీసాలకు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చినంత ఊరటైనా ఆయనకు దక్కలేదు.

లైసెన్సు సంవత్సరం

చివరిగా క్యాలెండరు. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల్లో మద్యం విధానం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రస్తుత లైసెన్సులు అక్టోబరులో మొదలైనవి, తెలంగాణవి డిసెంబరులో, జార్ఖండ్‌వి సెప్టెంబరులో. గడువు దగ్గరపడ్డ ప్రైవేటు దుకాణదారు మిగిలిన సరుకు వదిలించుకోవడానికి రేటు తగ్గించే వారాలు, కొత్త లైసెన్సుదారు కట్టిన ఫీజు రాబట్టుకోవడానికి బెల్టు షాపులకు కేసులు పంపే వారాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోసారి వస్తాయి. మార్చి నెలాఖరులో పెండ్రా, అనూప్‌పూర్ దారుల్లో, నవంబరు నెలాఖరులో భద్రాచలం, కుంట దారిలో తనిఖీ ఎక్కువ అవసరమయ్యేది అందుకే. సర్కారు దుకాణాలే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో మార్చి నెలాఖరు బేరాలు ఉండవు. ఆ వారంలో చౌక సరుకు మధ్యప్రదేశ్ వైపు నుంచే దిగాలి.